చేని కావలియు జోడుగొట్టముల తుపాకియు

భాకరాపేట కనుమ దిగువను, పలమనేరు ప్రాంతమునను, కుప్పము సరిహద్దు గ్రామములయందును మంచెమీద కావలి కాయు రైతునకు రాత్రి నిద్ర కరవై యేండ్లు పెక్కు గడచినవి. మన సీమలో చెనిక్కాయ యని పిలువబడు వేరుసెనగ ఊడ దిగి కాయ పట్టిన నాటినుండి అడవిపంది దానిని వాసన పట్టును. ఒక్క మంద ఒక్క రాత్రి చేనిలో దిగినచో, తెల్లవారునప్పటికి అచ్చట దుక్కి దున్నిన నేల తప్ప వేరేమియు కానరాదు. చెరకు మడులయందును, మామిడితోపులయందును ఏనుగులు దిగిన నాటి నష్టము చెప్పనలవి గాదు. అప్పు తెచ్చి విత్తినవాడు ఆ తెల్లవారు జామున గట్టుమీద కూర్చుండి చేనిని చూచు చూపు మనలో ననేకులు చూచియే యుందురు.

అట్టి రైతు నేడు అడుగు ప్రశ్న యొకటి కలదు: చవుకలో జోడుగొట్టముల తుపాకి దొరకునా? దొరకినచో అది చెడకుండ నుంచుకొనుట యెట్లు? పఠనాలయమున పత్రిక చదువుకొను పట్టణవాసికి ఈ ప్రశ్న స్వల్పముగా తోపవచ్చును. మాకట్లు తోచదు. ఇందులో పంట యున్నది, ప్రాణమున్నది, పౌరుని హక్కున్నది.

మొదట హక్కు మాట. 1878లో లిట్టను ప్రభువు కాలమున వచ్చిన ఆయుధశాసనము భారతీయుని చేతినుండి ఆయుధమును లాగివేసెను. తన దేశమున తన చేను కాచుకొనుటకు సైతము పరాయి దొర యనుమతికై చేతులు కట్టుకొని నిలువవలసిన దుర్గతి నాడు ప్రాప్తించెను. అందుచేతనే 1931లో కరాచీ కాంగ్రెసు ప్రకటించిన ప్రాథమిక హక్కులలో, నిబంధనలకు లోబడి ఆయుధము ధరించు హక్కు కూడ నొకటిగా చేర్చబడెను. స్వరాజ్యము వచ్చిన పిమ్మట పాత చట్టము పోయి 1959 నాటి ఆయుధచట్టము వచ్చినది. దాని 13వ విభాగమును మన రైతులు వినియుండరు. ఆత్మరక్షణకో క్రీడకో 20 అంగుళములకు తక్కువ గాని గొట్టము గల నున్నగొట్టపు తుపాకికిని, నిజముగా పంట కాపుదలకై మూతినుండి మందు దట్టించు తుపాకికిని పౌరుడు లైసెన్సు కోరినచో, చట్టము చెప్పు ఇతర అడ్డంకులు లేనియెడల, అధికారి దాని నీయవలయునని అందు కలదు. మందు దట్టించు తుపాకి పంట కాపుదలకు చాలదని అధికారికి తోచినయెడల వేరొక నున్నగొట్టపు తుపాకికి అనుమతి నీయవచ్చుననియు అందే కలదు. కాగితముమీద ఇంత స్పష్టముగా నున్న మాట కచేరీ గడప దాటి చేనిగట్టుకు చేరుటలేదు. మన పొరుగున కొడగుసీమ వారికి లైసెన్సు నిబంధననుండియే మినహాయింపు అనాదిగా వచ్చుచుండగా, 2019లో దానిని 2029 వరకు పొడిగించిరి. మేము అంత కోరుటలేదు. చట్టమున నున్నది అమలు జరుగవలెనని మాత్రమే కోరుచున్నాము.

ఇక తుపాకి మాట. మనవారు జోడుగొట్టము లున్న ప్రతిదానిని రైఫిలు అనుచుందురు. ఇది పొరపాటు. రైఫిలు గొట్టములోపల మెలిదిరిగిన గాడులుండును. అవి ఒంటి గుండును గిరగిర త్రిప్పి దూరముగా సూటిగా పంపును. నున్నగొట్టము రవ్వల గుంపును దగ్గరికి చిమ్మును. జోడుగొట్టముల రైఫిలు రాజులకును దొరలకును తగిన వస్తువు. దాని రెండు గొట్టముల గుండ్లును ఒక్కచోట తగులునట్లు చేయుటకు కమ్మరి కాల్చి చూచి, అతుకు విప్పి, గొట్టములను వెంట్రుకవాసి జరిపి, మరల అతికి, మరల కాల్చి చూడవలయును. దాని వెల యంతయు ఈ శ్రమలోనే యున్నది. కావున చవుకైన జోడు రైఫిలు అని యెవడైన నమ్మజూపినచో కొనువాడు రెండుసారులు ఆలోచింపవలెను. మన చామల లోయలో పులిని వేటాడిన కథను 1954లో వెలువడిన గ్రంథమున వ్రాసిన కెన్నెత్ ఆండర్సను సైతము వాడినది .405 వించెస్టరు అను ఒంటిగొట్టపు రైఫిలే. రైతునకు కావలసినది 12 బోరు జోడుగొట్టముల నున్నని తుపాకి. గొట్టమునకు సరిపోవు సీసపుగుండ్లు 12 తూగినచో ఒక పౌను అగును గనుక దానికి ఆ పేరు వచ్చెను. గొట్టపు వెడల్పు సుమారు 18.5 మిల్లీమీటర్లు.

1980ల నడుమనుండి విదేశపు తుపాకులు సామాన్యునకు దుర్లభములైనవి. కావున చవుకగా దొరకునది సాధారణముగా ఒకరి తాతగారి తుపాకియే. పాతదగుట దోషము గాదు. పరీక్షింపకుండ కొనుట దోషము. మొదట రెండు గొట్టములలోను తూటా లేదని కంటితోను వ్రేలితోను నిర్ధారణ చేసికొనవలెను. ముందరి కొయ్యను ఊడదీసి, తుపాకిని మూసి, కుందా పట్టుకొని కొద్దిగా కదల్పవలెను. గొట్టములు కటకటలాడినచో కీలు అరిగినదని యర్థము. వెలుతురుకెదురుగా పట్టి చూచినప్పుడు గొట్టముల వెనుకభాగమునకును దిమ్మెకును నడుమ సందు కనబడినచో ఆ తుపాకి వాడదగినది కాదు. పిమ్మట గొట్టములను వేరుచేసి, దారముతో వ్రేలాడగట్టి, మెల్లగా తట్టవలయును. గంటవలె నిండుగా మ్రోగినచో మంచిది; పగిలిన కుండవలె పలికినచో నడిమి బద్దె అతుకు వదలినది. గొట్టములోపల చూచునప్పుడు వలయాకారముగ నీడ కనబడినచో అది లోపల ఏదో అడ్డుపడినప్పుడు ఉబ్బిన గుర్తు. గొట్టముపై అల్లికవంటి చారలున్నచో అది ఇనుమును ఉక్కును మెలిపెట్టి చేసిన పూర్వకాలపు గొట్టము; అందు నేటి పొగరాని మందుతూటా కాల్చుట ప్రాణాంతకము. తూటా నిలుచు అర యెంత పొడవుదో గొట్టముపై చెక్కియుండును. 65 మిల్లీమీటర్ల అరలో 70 మిల్లీమీటర్ల తూటా సులభముగా దూరును. కాని కాల్చినప్పుడు దాని మూతి విచ్చుకొనుటకు చోటుండదు, ఒత్తిడి మితిమీరును.

వాడుకలో వచ్చు తెగుళ్లు కొన్ని. మీట నొక్కినప్పుడు టక్కుమని చప్పుడై మందు పేలకున్నచో తత్తరపడి తుపాకిని తెరువరాదు. మూతిని జనములేని దిక్కునకు పట్టి అరనిమిషము ఆగవలెను; మందు ఆలస్యముగా అంటుకొనుట కలదు. పిదప తూటా తీసి దాని వెనుక బిళ్లను చూడవలెను. సొట్ట లోతుగా నున్నచో దోషము తూటాది, చెమ్మ పట్టియుండును. సొట్ట పైపైన నున్నచో దోషము తుపాకిది; కొట్టుసూది యరిగినదో, కమాను సడలినదో, పాతనూనె గడ్డకట్టి సూదిని పట్టినదో కావలెను. మూడవది మనయింట శుభ్రపరచుకొనవచ్చును. తక్కిన రెండును పనివాని పాలు. ఒక్క మీట నొక్కగా రెండు గొట్టములును పేలినచో ఆ క్షణమే వాడుక మానవలెను. లోపలి కొక్కెము లరిగినవి. ఊరి కమ్మరి ఆకురాయితో సరిచేయుదునని చెప్పినను ఒప్పుకొనరాదు. కాల్చిన తూటా వెలికి రాకున్నచో అరలో తుప్పో మసియో పేరినదని తెలిసికొనవలెను. చాకుమొనతో పెకలించుట కూడదు. అన్నిటికంటె ఘోరమైన పొరపాటు ఇంకొకటి. 20 బోరు తూటా పొరపాటున 12 బోరు గొట్టమున పడినచో అది లోపలికి జారి నిలిచిపోవును. తూటా పెట్టలేదని భ్రమించి వెనుక 12 బోరు తూటా పెట్టి కాల్చినవాని చేయి మిగులదు. కావున ఆ రెంటిని ఒక సంచిలో నెన్నడును వేయరాదు. మంచెమీద నుంచిన తుపాకి గొట్టమున కందిరీగ గూడు కట్టుట మన పల్లెలలో వింత గాదు. కాల్చుటకు ముందు ప్రతిసారియు గొట్టములోనుండి వెలుతురు చూడవలయును.

కాపుదల కష్టమైనది గాదు. వాడిన రాత్రియే పొడిబట్టతో తుడిచి, పలుచగా నూనె పట్టించి, కొన్నాళ్లు మూతి క్రిందికి వచ్చునట్లు నిలిపిన, నూనె కుందాకొయ్యలో ఇంకి దానిని మెత్తపరచకుండును. తోలుసంచిలో పెట్టి నెలలతరబడి మరచుట తుప్పును పిలిచి పీట వేయుటయే. తూటాలు వేరు, తుపాకి వేరు, రెండింటికి తాళము వేరు. పిల్లలున్న ఇంట ఈ మాట దాటరానిది.

ఇంతవరకు చెప్పినదానిని చదివి వేటకు బయలుదేరు ఉత్సాహవంతులకు ఒక మాట. తుపాకి లైసెన్సు వేట లైసెన్సు గాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో వేట ముగిసినది. శేషాచలపు అడవి 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయోద్యానమైనది. అందు తుపాకితో అడుగిడుటయే నేరము. పైరును పాడుచేయు అడవిపందిని సైతము అధికారి వ్రాతపూర్వకముగా అనుమతించిననే చంపవచ్చును. ఏనుగు మాట చెప్పనక్కరలేదు. రవ్వల దెబ్బ దానిని చంపదు, పిచ్చియెత్తించును. ఆ కోపము మరునాడు దారిన పోవు నిరపరాధిపై తీరును. మరి తుపాకి యెందుకని అడుగవచ్చును. అనుమతి వచ్చిననాడు నేర్పుగల చేతిలో ఒక్క దెబ్బతో పని ముగించుటకు. అంతవరకు చేనిలో ఒంటిగా నున్నవానికి గుండెధైర్యమునకు.

చట్టసమ్మతమైన మార్గము మూసికొనిపోయినచోట రైతు ఏమి చేయుచున్నాడు? చేనిచుట్టు తీగ లాగి కరెంటు వదలుచున్నాడు. ఆ తీగకు పంది యని ఏనుగని, తెల్లవారి నీళ్లు కట్టుటకు పోవు పొరుగువాడని భేదము లేదు. పిండిముద్దలో నాటుబాంబు పెట్టుచున్నాడు. దానిని కొరికి దవడ పగిలిన పాడియావు అరపు విన్నవారు మరువలేరు. గొట్టపు ముక్కతో ఎవడో చేసిన నాటుతుపాకి చాటుగా కొని దాచుచున్నాడు. అది పేలినప్పుడు ముందున్నవానికెంత భయమో వెనుకనున్నవానికంత భయము. పట్టుబడినచో చెరసాల. ఇవన్నియు క్రూరత్వముచే చేసినవని మేమనము. దిక్కులేనితనముచే చేసినవి, అయినను చేయరానివి. రైతు పక్షమున నిలుచు మేమే ఈ మాట చెప్పనిచో ఇక చెప్పువారెవరు?

కావున మేము కోరునవి కొద్ది. అడవి అంచు గ్రామములనుండి వచ్చు పంట కాపుదల దరఖాస్తులను కచేరీలు త్రొక్కిపెట్టక, ఇచ్చుటయో, కారణము వ్రాసి త్రోసివేయుటయో చేయవలెను. 2016 నాటి నిబంధనలు ఆయుధభద్రతలో శిక్షణ కావలెనన్నవి. ఆ శిక్షణను పట్టణమున కాక పలమనేరు, భాకరాపేట వంటిచోట్ల ఏర్పరుపవలెను. ఏటికొకమారు తెలిసిన ఆయుధపనివానిని పంపి తుపాకులను పరీక్షింపజేయవలెను. పనికిరానివాటిని అచ్చటనే పక్కన పెట్టవలెను. ఎన్నికల వేళ తుపాకులను ఠాణాలో అప్పగింపవలసి వచ్చుచున్నది. అప్పగించునప్పుడు మెరయుచుండిన గొట్టము తిరిగి వచ్చునప్పుడు తుప్పు పట్టి వచ్చుచున్నదని లైసెన్సుదారులు మొరపెట్టుచున్నారు. తుడిచి నూనె పూసి ఆరినచోట నుంచుట పెద్ద వ్యయము గాదు. పైరు పోయినవానికి పరిహారము మరుపంట వేయులోపల అందవలెను. పరిహారము సకాలమున నందిన ఊరిలో తుపాకి కోరువారే తగ్గుదురు.

2022 ఏప్రిల్ 4వ తేదీన పాత చిత్తూరుజిల్లా చీలి తిరుపతి వేరు జిల్లా యయ్యెను. కచేరీలు పెరిగినవి, కలెక్టరు దగ్గరయ్యెను. ఆ దగ్గరతనము అడవి అంచున నున్న మంచెవరకు వచ్చినప్పుడే దానికి సార్థకత. పట్టణమున తాతగారి తుపాకిని గోడకు అలంకారముగా తగిలించి దాని లోపలి తుప్పును చూడని సోదరులకును ఇదే మా మనవి. ఆయుధము అలంకారము గాదు, ఆటవస్తువు గాదు; బాధ్యత. దానిని శుభ్రముగా నుంచుకొనలేనివాడు లైసెన్సును తిరిగి ఒప్పగించుటయే మర్యాద. పరాయిప్రభుత్వము మనలను నమ్మక ఆయుధము లాగుకొనెను. మన ప్రభుత్వము మన రైతును నమ్మవలెను. ఆ నమ్మకమునకు తగినట్లు రైతును నడచుకొనవలెను. ఈ రెండును జరిగిననాడు కనుమ దిగువ మంచెమీద ఒక్క రాత్రియైన నిశ్చింతగా తెల్లవారును.