పరగృహమున పుత్రస్థానము
2002లో అమెరికా దేశము నెలకొల్పిన కెనెడీ-లూగర్ యెస్ పథకము క్రింద మన గురుకుల బాలబాలికలు కొందరు విద్యాసంవత్సర మంతయు అచ్చటి గృహస్థుల యిండ్లలో, ఆ గృహస్థులు ప్రతిఫల మేమియు గోరకయే యాశ్రయ మొసంగగా, వసించి చదువుకొనుచున్నారన్న వార్త, మహారాణీ సత్రము గల మన పెద్దాపురమునకును, వారాలు చేసికొను పేదవిద్యార్థుల కింటింట నన్నము పెట్టిన యీ గోదావరీ మండలమునకును అపూర్వముగా దోపదు. అయినను వారాల పిల్లవాడు భోజనానంతరము లేచిపోవును. అమెరికా కేగిన మన బాలికయో, ఆతిథ్య మిచ్చిన యింటనే నిదురించి, అచ్చటనే మేల్కాంచి, ఆ యింటి యలుకలను, మౌనములను, పాత్రలు కడుగు వంతును గూడ పంచుకొనవలసి యున్నది. కావున తల్లులారా, మొదటి మాసమున గడియగడియకును ఫోను చేయకుడు. ఆమె మనస్సు ఆ యింట నిలువనిండు. ఆవకాయ తప్పక పంపుడు, కాని తొలిముద్ద ఆ యింటి పిల్లలకు గలిపి పెట్టుమని మరిమరి చెప్పి పంపుడు.