డీజిలు ఖర్చు తప్పినా బావి ఎండితే ఫలమేమి?

చిత్తూరు: 1973లో అరబ్ దేశాలు చమురు సరఫరాలో కోత పెట్టడంతో పీపా 3 డాలర్ల ధర కొద్ది నెలల్లోనే 12 డాలర్లకు చేరువైంది. ఆ దెబ్బ మన బావుల దగ్గరి ఆయిల్ ఇంజన్లకూ తగిలింది. డీజిలు ఖర్చుకు జంకి రైతు నీటిని పొదుపుగా తోడేవాడు.

తరువాత కరెంటు మోటార్లు వచ్చాయి. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. 2019లో కేంద్రం ప్రారంభించిన కుసుమ్ పథకం సౌర పంపుసెట్లకు సబ్సిడీ కల్పించింది. ఇంధనం ఖర్చు తప్పడం రైతుకు మేలే. అయితే నీటి వాడకానికి పగ్గం వేసిన ఖర్చు కూడా దానితోనే పోయింది.

మనకు ఎండకు కొరత లేదు, నీటికే కొరత. ఏడాది పొడవునా పారే నది జిల్లాలో లేదు. బావి ఊరాలంటే వానే దిక్కు. కనుక సౌర పంపుతోపాటు బిందుసేద్యం, చెరువుల పూడికతీత కూడా సాగాలి. లేకుంటే డీజిలులో మిగిలిన డబ్బు కొత్త బోరు వేయడానికే సరిపోతుంది.