తవిటికి కొన్న పిల్లలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ ఊరి ఓటర్ల జాబితా తిరగేసినా ఒకరిద్దరు తవిటినాయుళ్లో, తవిటమ్మలో తగలకపోరు. బయటి నుంచి బదిలీ మీద వచ్చిన ఉద్యోగులు మొదట్లో ఈ పేర్లు విని నవ్వుకుంటారు. వెనకున్న సంగతి తెలిశాక నవ్వరు. పుట్టిన బిడ్డలు పుట్టినట్టే పోతుంటే, తర్వాతి కాన్పు బిడ్డను చేటలో పెట్టి పొరుగింటామె చేతికి ఇచ్చేసేవారు. ఇక ఈ బిడ్డ మాది కాదు, నీదే అనేవారు. కాసేపాగి, ఇంత తవుడు ఆమె ఒడిలో పోసి మళ్లీ కొనుక్కునేవారు. తవిటి ఖరీదు చేసే బిడ్డ మీద మృత్యువు కన్ను పడదని నమ్మకం. పెంట మీద పడుకోబెట్టి ఎత్తుకుంటే పెంటయ్య, తవిటికి కొంటే తవిటయ్య. బిడ్డను వదులుకోవడం, తిరిగి తెచ్చుకోవడం రెండూ ఒకే పూట, ఒకే వాకిట్లో అయిపోయేవి.

పత్రికలో పనిచేసేవాళ్లకు ఈ తంతు గుర్తొచ్చే సందర్భం ఒకటుంది. జిల్లా పేజీ అడుగున, టెండరు నోటీసుకూ పేరు మార్పు ప్రకటనకూ మధ్య, అప్పుడప్పుడు ఒక పసిబిడ్డ ఫొటో పడుతుంది. ఫలానా తేదీన ఫలానా చోట దొరికిన శిశువు, సంబంధీకులుంటే గడువులోగా రావాలి, లేకుంటే దత్తతకు ఇస్తాం. అంతే ఉంటుంది. అలాంటి ఒక ఫొటోలో పాప బుగ్గన దిష్టిచుక్క ఉంది. తల్లి పెట్టింది కాదది. ఫొటో తీసేముందు శిశుగృహలో ఏ ఆయమ్మో పెట్టి ఉంటుంది. ఎవరి బిడ్డో తెలియని బిడ్డకు దిష్టి తగలకూడదనుకున్న ఆ మనిషి ఎవరో గానీ, ప్రకటన మొత్తంలో చట్టం రాయనిది ఆ చుక్క ఒక్కటే.

బిడ్డకూ కన్నవాళ్లకూ ఉన్న బంధాన్ని చట్టపరంగా తెంచడానికి అమెరికాలో సూటి పేరుంది, తల్లిదండ్రుల హక్కుల రద్దు అని. అది కోర్టులో తేలుతుంది. సాక్ష్యం స్పష్టంగా, నమ్మదగినదిగా ఉంటే తప్ప ఆ బంధం తెంచరాదని అక్కడి సుప్రీంకోర్టు 1982లో చెప్పింది. మరోవైపు, 22 నెలల్లో 15 నెలలు బిడ్డ సర్కారు సంరక్షణలో ఉండిపోతే, కొన్ని మినహాయింపులు పోను, రద్దుకు దావా వేయాల్సిందేనని 1997 నాటి చట్టం అంటుంది. మన దగ్గర ఆ పేరుతో కేసు నడవదు. కానీ పని జరుగుతుంది. 2015 నాటి బాలల న్యాయ చట్టం కింద జిల్లాకో బాలల సంక్షేమ సమితి ఉంటుంది. ఒక అధ్యక్షుడు లేదా అధ్యక్షురాలు, నలుగురు సభ్యులు, ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు అధికారాలు. దొరికిన బిడ్డను 24 గంటల్లో వాళ్ల ముందుంచాలి. అయినవాళ్ల కోసం పోలీసులు వెతకాలి, పేపర్లో ప్రకటన వేయాలి. ఎవరూ రాకపోతే రెండేళ్లలోపు బిడ్డకు రెండు నెలల్లో, అంతకు పైబడితే నాలుగు నెలల్లో, దత్తతకు చట్టపరంగా అడ్డు లేదని సమితి తేలుస్తుంది. కన్నవాళ్లే తెచ్చి అప్పగిస్తే వాళ్లతో మాట్లాడి, విచారించి, కాగితం రాయించుకుంటారు. మనసు మార్చుకోవడానికి రెండు నెలలు గడువిస్తారు. తవుడు పోసి తెచ్చుకునే గడువన్నమాట.

ఆ తర్వాత దత్తత ఉత్తర్వు. ఒకప్పుడు కోర్టు ఇచ్చేది, 2022 సెప్టెంబరు నుంచి కలెక్టరు ఇస్తున్నారు. తుపాన్లు, ధాన్యం కొనుగోళ్లు, వంశధార వరదల ఫైళ్ల నడుమ ఆ ఫైలూ వెళుతుంది. ఉత్తర్వు అమల్లోకి వచ్చిన రోజు నుంచి పుట్టింటి బంధాలన్నీ తెగిపోయినట్టే అంటుంది 63వ సెక్షన్. బిడ్డకు అప్పటికే సంక్రమించిన ఆస్తి ఉంటే మాత్రం అది బిడ్డకే ఉంటుందట. తల్లి పేరు తెగుతుంది గానీ సెంటు భూమి తెగదు.

ఈ రెండు నెలల గడువు పెంచమని అడగడం లేదు. పసిబిడ్డకు రెండు నెలలంటే మనిషిని చూసి నవ్వు నేర్చేంత కాలం. ఉయ్యాల కట్టుకుని ఏళ్ల తరబడి ఎదురుచూసే ఇళ్లూ ఉన్నాయి. మన ఇబ్బంది వేరు. ఆ ప్రకటన చదవాల్సిన మనిషికి తప్ప అందరికీ చేరుతుంది. ఆమె ఏ ఇటుక బట్టీలోనో, హైదరాబాద్‌లో ఏ అపార్టుమెంటు పునాది పక్కనో, సీతంపేట ఏజెన్సీలో ఏ సవర గూడెంలోనో ఉంటుంది. భర్త చేపల వేట కోసం గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి ఉండొచ్చు. పెళ్లైన జంట బిడ్డను అప్పగించాలంటే ఇద్దరూ సంతకం చేయాలి. రెండోవారి జాడ తెలియకపోతే, తల్లి చేతులారా తెచ్చిన బిడ్డ కూడా ఫైలులో వదిలేసిన బిడ్డగా మారుతుంది. కాగితం మీద చిన్న మాట మార్పే. పెద్దయ్యాక ఆ బిడ్డ తన ఫైలు తెరిచి చదివితే మాత్రం చిన్నది కాదు.

ఇంకొక మాట. కన్నవాళ్లు తమ అదుపులో లేని శారీరక, మానసిక, సామాజిక కారణాలతో బిడ్డను అప్పగించవచ్చంటుంది చట్టం. ఆ వరసలో పేదరికం అన్న మాట లేదు. ఆ మాటకు ఇక్కడ ఒక చరిత్ర ఉంది. తెలంగాణ తండాల నుంచి ఆడపిల్లలను కొని దత్తత పేరుతో దేశాలు దాటించిన బేరాలు 2001 నాటికి బయటపడ్డాయి. పేదరికం సాకుతో బిడ్డను రాయించుకోవడాన్ని ఉమ్మడి రాష్ట్రం అప్పుడు నిషేధించింది. మంచిదే. అయితే తలుపు మూసినంత మాత్రాన పేదరికం వాకిట్లోంచి లేచి వెళ్లిపోదు. అది మరో పేరుతో సమితి ముందు కూర్చుంటుంది.

ఖర్చులేని పనులు రెండున్నాయి. ఫొటో పేపర్లో వేసి ఊరుకోకుండా సంత రోజున చాటింపు వేయించవచ్చు, సవర భాషలో కూడా. రెండోది, వేలిముద్ర వేసే తల్లికి గడువును తేదీగా కాక ఆమె లెక్కలో చెప్పవచ్చు. ఈ ప్రాంతంలో కాలాన్ని పున్నమితో, పండగతో కొలుస్తారు. రాఖీ పున్నమినాడు కాగితం రాసిన తల్లికి రెండు పున్నములు గడువు, అంటే విజయనగరంలో పైడితల్లమ్మ జాతరలో సిరిమాను తిరిగే రోజుల వరకు. కాగితం మడత పెట్టేముందు సమితిలో ఎవరైనా పెద్దామె ఆ మాటే అనొచ్చు: “సిరిమాను తిరిగీ దాకా ఈ గుంట నీదేనమ్మా. మనసు మారితే వచ్చీ.”