నువ్వెన్ని కొట్టావ్? అనే పనికిమాలిన ప్రశ్న

ఎదుటివాడి నోరు మూయించడానికి మనవాళ్ళ దగ్గర ఒక బ్రహ్మాస్త్రం ఉంది. సినిమా బాలేదంటే "నువ్వో సినిమా తీసి చూపించు" అంటారు. ఫలానా బ్యాట్స్‌మన్ చెత్త షాటు ఆడి ఔటయ్యాడంటే "నువ్వెన్ని సెంచరీలు కొట్టావేంటి?" అంటారు. కూరలో ఉప్పెక్కువైందంటే "రేపట్నుంచి నువ్వే వండు" అంటారు (ఈ మూడోదానికి మాత్రం ఎదురు చెప్పకపోవడమే ఆరోగ్యం).

ఈ అస్త్రానికి విరుగుడుగా నా దగ్గర ఒక మనిషి ఉన్నాడు. పేరు బాబ్ యూకర్. అమెరికాలో బేస్‌బాల్ వినేవాళ్ళలో ఈయన గొంతు తెలియనివాళ్ళు తక్కువ. మనవాళ్ళలో తెలిసినవాళ్ళు తక్కువ, అమెరికాలో ఏళ్ళ తరబడి ఉంటున్నవాళ్ళతో సహా. అంచేత ముందు ఆయన సంగతి చెప్పి, ఆ తరవాత గొడవకి దిగుతాను.

యూకర్ 1934లో మిల్వాకీలో పుట్టాడు. 1962 నుంచి 1967 దాకా ఆరు సీజన్లు మేజర్ లీగ్ బేస్‌బాల్ ఆడాడు. క్యాచర్. అంటే మన వికెట్‌కీపర్ లాంటివాడన్నమాట. మిల్వాకీ బ్రేవ్స్, సెయింట్ లూయిస్ కార్డినల్స్, ఫిలడెల్ఫియా ఫిల్లీస్, చివర్లో అప్పటికి అట్లాంటాకి తరలిపోయిన అదే బ్రేవ్స్. మొత్తం ఆడింది 297 ఆటలు. లెక్కలోకొచ్చే 731 అవకాశాల్లో 146 హిట్లు కొట్టాడు. హోమ్ రన్లు 14. యావరేజి .200. అంటే అయిదుసార్లు బ్యాటు పట్టుకుని వెళ్తే నాలుగుసార్లు ఉత్త చేతుల్తో వెనక్కి రావడం. బేస్‌బాల్లో .300 కొట్టినవాడు మహారాజు. .200కి "మెండోజా గీత" అని ఒక పేరుంది, ఆ గీత కిందకి జారితే ఇహ నువ్వు సామాను సర్దుకోవచ్చని అర్థం. మన యూకర్ సరిగ్గా ఆ గీత మీదే కెరీరు ముగించాడు.

ఇదే మనిషి 1971లో మిల్వాకీ బ్రూయర్స్ జట్టుకి రేడియోలో వ్యాఖ్యానం మొదలెట్టాడు. 2024 దాకా చెప్పాడు. యాభై నాలుగు సీజన్లు! 2003లో ఫోర్డ్ ఫ్రిక్ అవార్డు ఇచ్చారు, అంటే బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్ళు వ్యాఖ్యాతలకిచ్చే అత్యున్నత గౌరవం. మిల్వాకీ స్టేడియం బయట ఆయన విగ్రహం ఉంది. లోపల, పై అంతస్తులో, స్తంభం అడ్డొచ్చి ఆట సరిగ్గా కనబడని చివరి వరసలో ఇంకో విగ్రహం ఉంది. అది ఆయన జోకుల మీద జోకు. జానీ కార్సన్ షోలో దాదాపు వందసార్లు కనబడ్డాడు. 1989లో వచ్చిన 'మేజర్ లీగ్' సినిమాలో వ్యాఖ్యాత వేషం వేశాడు.

సరే, ఇప్పుడు గొడవ.

మొదట ఆయన కథని పట్టుకుని నీతులు చెప్పేవాళ్ళ సంగతి చూద్దాం. "చూశారా, ఆటలో ఓడిపోయినా జీవితంలో గెలిచాడు" అంటూ సూర్యోదయం బొమ్మ మీద అక్షరాలు పెట్టి పంపిస్తారే, వాళ్ళు. అయ్యా, ఆయన ఆటలో ఓడిపోయాడని ఎవరు చెప్పారు మీకు? 1962లో మేజర్ లీగ్స్‌లో ఉన్నవి మొత్తం 20 జట్లు. ఒక్కో జట్టుకీ ఇద్దరో ముగ్గురో క్యాచర్లు. అంటే ఆ పనికి దేశం మొత్తమ్మీద అరవైమందికి మించి చోటు లేదు. ఆ అరవైలో ఈయన ఆరేళ్ళు ఉన్నాడు. మన క్లాసులో, మన కాలేజీలో, మన జిల్లాలో ఏదైనా పనిలో మొదటి అరవైమందిలో మనమెప్పుడైనా ఉన్నామా?

అంకెల్ని చూసి మనిషిని తూచేవాళ్ళకి ఇంకో ముచ్చట. 1967లో బంతిని పట్టుకోలేక వెనక్కి వదిలేసిన క్యాచర్ల లెక్కలో లీగ్‌లో మొదటి స్థానం యూకర్‌దే. మన భాషలో చెప్పాలంటే, అందరికంటే ఎక్కువ బైలు ఇచ్చిన కీపర్. సిగ్గుచేటు కదూ? ఆగండి. ఆ ఏడాది ఆయన అట్లాంటాలో ఫిల్ నీక్రో అనే పిచ్చర్‌కి క్యాచర్‌గా ఉన్నాడు. నీక్రో వేసేది నకుల్‌బాల్. బంతి తిరగకుండా, తాగినవాడి నడకలా ఊగుతూ వస్తుంది. ఎటు పోతుందో వేసినవాడికే తెలీదు. పట్టుకునేవాడి గతి చెప్పేదేముంది! చాలామంది క్యాచర్లు ఆ బంతి వెయ్యొద్దని సైగ చేస్తారు, తమ లెక్క చెడుతుందని. యూకర్ మాత్రం "నువ్వు వెయ్యి, పట్టుకోవడం నా పాట్లు" అన్న ధోరణిలో ప్రోత్సహించాడు. ఆ సంగతి నీక్రోనే తరవాత కృతజ్ఞతగా చెప్పుకున్నాడు. ఆ ఏడాది నీక్రో 1.87 ఈఆర్ఏతో లీగ్‌లో మొదటివాడు. మొత్తం కెరీర్లో 318 విజయాలు, హాల్ ఆఫ్ ఫేమ్. ఇప్పుడు చెప్పండి, యూకర్ పేరు పక్కనున్న ఆ అంకె సిగ్గా, పనా?

యూకర్ మాత్రం ఇదేదీ చెప్పుకోలేదు. నకుల్‌బాల్ని పట్టుకోవడానికి ఒకటే ఉపాయముందనీ, అది దొర్లి దొర్లి ఆగేదాకా ఉండి అప్పుడు తీసుకోవాలనీ జోకేశాడు. శాండీ కూఫాక్స్ అంతటి పిచ్చర్ మీద 1965లో ఒక హోమ్ రన్ కొట్టి, ఆ ఒక్క మచ్చ వల్ల పాపం కూఫాక్స్‌కి హాల్ ఆఫ్ ఫేమ్ రాకుండా పోతుందేమోనని బెంగపడ్డానన్నాడు.

"అదీ, జోకులేసి బతికాడన్నమాట, కామెంటరీ ఏం కాదు" అంటారు కొందరు. ఇది రేడియో అంటే ఏమిటో తెలియని మాట. టీవీలో వ్యాఖ్యాత నిద్రపోయినా ఆట కనబడుతూనే ఉంటుంది. రేడియోలో ఆయన చెప్పకపోతే ఆట లేదు. బంతి ఎటు పోయింది, ఫీల్డర్ ఎక్కడున్నాడు, స్కోరెంత, ఇవన్నీ నోటితో కట్టాలి. అదీ రోజుకి మూడు గంటల చొప్పున, సీజన్‌కి 162 ఆటలు. జట్టు ఓడిపోతున్న వేసవిలో కూడా జనం రేడియో కట్టెయ్యకుండా ఉండాలి. బ్రూయర్స్ ఇంతవరకూ ఒక్కసారి కూడా వరల్డ్ సిరీస్ గెలవలేదు. అలాంటి జట్టుకి యాభై నాలుగేళ్ళు! జోకులొక్కటే అయితే రెండో ఏడాదికే మొహం మొత్తేది.

ఇప్పుడు రెండో పక్కకి రండి. జో మోర్గన్. సిన్సినాటి రెడ్స్ సెకండ్ బేస్‌మన్. 1975లోనూ 1976లోనూ లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడు. 1990లో హాల్ ఆఫ్ ఫేమ్. యూకర్‌ని ఆయన పక్కన నిలబెట్టడమే తప్పు. అదే 1990 నుంచి 2010 దాకా ఈఎస్‌పీఎన్‌లో ఆదివారం రాత్రి ఆటలకి వ్యాఖ్యాత. ఎమ్మీ అవార్డులు కూడా వచ్చాయి. కానీ ఆయన వ్యాఖ్యానం భరించలేక కొంతమంది 2005లో "ఫైర్ జో మోర్గన్" అనే పేరుతో ఏకంగా ఒక బ్లాగే పెట్టారు. 2003లో వచ్చిన 'మనీబాల్' పుస్తకాన్ని ఆయన చదవకుండానే తిట్టిపోశాడు. దాన్ని రాసింది బిల్లీ బీన్ అని కూడా అన్నాడు. రాసింది మైకేల్ లూయిస్, బీన్ అందులో ఒక పాత్ర.

ఇందులో అసలు తమాషా వేరే ఉంది. ఆ గణాంకాలవాళ్ళు ఏ ఆటగాణ్ణి నెత్తిన పెట్టుకోవాలంటారో, అచ్చంగా అలాంటి ఆటగాడు మోర్గనే! చెత్త బంతుల్ని వదిలేసి 1,865 వాక్‌లు సంపాదించాడు. వాళ్ళు లెక్కలు వేసి కనిపెట్టినదాన్ని ఈయన ముప్ఫయ్యేళ్ళ ముందే మైదానంలో చేసి చూపించాడు. కానీ తను చేసిన పని ఎందుకు గొప్పదో తనకే పట్టలేదు. చెయ్యడం వేరు, చేసింది చూడ్డం వేరు, చూసింది చెప్పడం వేరు. ఈ మూడూ ఒకటే అనుకోవడంలోనే ఉంది మొత్తం తిరకాసు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. కోడు రాసినవాడికే బగ్గులు కనబడేట్టయితే టెస్టర్లకి జీతాలెందుకిస్తున్నట్టు?

అలాగని "ఆడినవాడికేం తెలుసు, ఆడనివాడే గొప్ప" అని నేననడం లేదు. ఆడిన అనుభవం మైకులో ఎలా పనికొస్తుందో చూడాలంటే టిమ్ మెకార్వర్‌ని చూడాలి. 1964లో కార్డినల్స్‌లో అసలు క్యాచర్ ఈయన, బెంచీ మీదున్న క్యాచర్ యూకర్. ఆ ఏడాది వరల్డ్ సిరీస్‌లో మెకార్వర్ .478 కొట్టాడు. యూకర్ బరిలోకే దిగలేదు, ఆటకి ముందు బ్యాండువాళ్ళ ట్యూబా ఎత్తుకుని అందులో బంతులు పడుతూ కూర్చున్నాడు. ఇద్దరూ పెద్ద వ్యాఖ్యాతలే అయ్యారు.

2001 వరల్డ్ సిరీస్ ఏడో ఆట, తొమ్మిదో ఇన్నింగ్స్, స్కోరు 2-2, బేస్‌లన్నీ నిండి ఉన్నాయి. యాంకీస్ పిచ్చర్ మరియానో రివేరా. ఇన్‌ఫీల్డర్లని ముందుకి జరిపారు. అప్పుడు మెకార్వర్ టీవీలో చెప్పాడు: రివేరా ఎడమచేతివాళ్ళకి బంతిని లోపలికి వేస్తాడు, బ్యాటు విరిగి బంతి మెల్లిగా లేచి ఇన్‌ఫీల్డర్ల వెనక పడుతుంది, ముందుకి జరపడంలో ఉన్న ప్రమాదం అదే అని. తరవాతి బంతికి ఎడమచేతి లూయిస్ గొంజాలెజ్ అచ్చం అలాగే కొట్టాడు, అరిజోనా గెలిచింది. ఇది జోస్యం కాదు. మైదానంలో మిగతా ఎనిమిదిమందికీ ఎదురుగా కూర్చుని, మొత్తం ఆటని చూసే ఒకే ఒక్క ఆటగాడు క్యాచర్. మెకార్వర్ మైకులోకి తెచ్చింది తన .478ని కాదు, ఆ చూపుని. యూకర్ తెచ్చిందీ అదే, పైగా బెంచీ మీద కూర్చుని వందల ఆటలు ఉత్తినే చూసిన కళ్ళు అదనం.

ఇహ అసలేమీ ఆడకుండా వచ్చినవాడు విన్ స్కల్లీ. మేజర్ లీగ్‌లో ఒక్క బంతీ ఎదుర్కోలేదు. 1950 నుంచి 2016 దాకా, 67 సీజన్లు, డాడ్జర్స్ గొంతు ఆయనే. వ్యాఖ్యాతల్లో మొదటి పేరు చెప్పమంటే అక్కడ ఎక్కువమంది చెప్పే పేరు. ఆయన్ని "నువ్వెన్ని కొట్టావ్?" అంటే ఏం చెప్పాలి? సున్నా. చాలా?

మన క్రికెట్‌లో ఈ అస్త్రం ఎంత గుడ్డిదో 2019లో ఒక్క ఏడాదిలోనే రెండుసార్లు చూశాం. ప్రపంచకప్ సమయంలో సంజయ్ మంజ్రేకర్ జడేజాని అరకొర ఆటగాడన్నాడు. నీకంటే రెండింతలు మ్యాచ్‌లాడాను, ఇంకా ఆడుతున్నాను అని జడేజా ట్విట్టర్లో దులిపేశాడు. జనం చప్పట్లు. కానీ మంజ్రేకర్ మాట తప్పయింది తక్కువ ఆడినందుకు కాదు, సరిగ్గా చూడనందుకు. జడేజా అసలు జవాబు సెమీఫైనల్లో 59 బంతుల్లో కొట్టిన 77. ఆ దెబ్బ తిన్న మంజ్రేకర్ ఏం నేర్చుకోవాలి? నవంబరులో ఈడెన్ గార్డెన్స్‌లో గులాబీ బంతి టెస్టు జరుగుతుంటే, బంతి కనబడుతోందో లేదో ఆటగాళ్ళనే అడగాలన్నాడు మన హైదరాబాదీ హర్షా భోగ్లే. నువ్వు ఆడలేదు కాబట్టి నువ్వు అడగాలి, ఆడిన మాకు తెలుస్తుంది అన్నాడు మంజ్రేకర్, లైవ్‌లో! జూలైలో తన వీపు మీద విరిగిన కర్రనే నవంబరులో ఇంకొకడి మీదకి ఎత్తాడు. తరవాత విచారం వెలిబుచ్చాడనుకోండి. కానీ ఆ కర్ర అలాంటిది. నాకంటే ఎక్కువ ఆడినవాడు నన్ను కొడతాడు, నాకంటే తక్కువ ఆడినవాణ్ణి నేను కొడతాను. చివరికి మాట్లాడే హక్కు మిగిలేది టెండూల్కర్ ఒక్కడికే.

నష్టం ఎవరికి? వినేవాడికి. పేరు చూసి మైకిస్తే, మైకులోంచి పేరే వినబడుతుంది. "మా రోజుల్లో", "నేనూ వాడూ రూమ్మేట్లం", "క్లాస్ ప్లేయర్ అండీ". ఎదురుగా జరుగుతున్న ఆట ఎటో పోతుంది. పెద్ద ఆటగాడికి కాపాడుకోవలసిన విగ్రహం ఒకటుంటుంది. యూకర్‌కి ఆ బరువు లేదు. తన .200ని ఎవరూ ఎత్తిపొడవక ముందే తనే ఎత్తి చూపించి నవ్వించేశాడు. ఇహ ఆయన మీద వెయ్యడానికి ఎదుటివాడి దగ్గర అస్త్రమే మిగల్లేదు. మిగిలింది ఆట చెప్పడం ఒక్కటే. దాన్ని యాభై నాలుగేళ్ళు చెప్పాడు.

2024 అక్టోబరు 3న మెట్స్‌తో ఆఖరి ఆట. తొమ్మిదో ఇన్నింగ్స్‌దాకా బ్రూయర్స్ 2-0తో ముందున్నారు. పీట్ అలాన్సో హోమ్ రన్ కొట్టాడు, మూడు పరుగులు, సీజన్ ముగిసింది. తొంభయ్యేళ్ళ యూకర్ ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో ఉండి కూడా ఆ దెబ్బని మిల్వాకీ జనానికి రేడియోలో తనే చెప్పాడు. అదే ఆయన చివరి ఆట. 2025 జనవరి 16న పోయాడు.

ఆ రాత్రి విన్నవాళ్ళలో ఏ ఒక్కడికీ ఆయనెన్ని కొట్టాడన్నది గుర్తొచ్చి ఉండదు. కాబట్టి మహాశయులారా, మైకు ముందున్నవాణ్ణి అడగాల్సిన ప్రశ్న "నువ్వెన్ని కొట్టావ్?" కాదు. "నువ్వేం చూశావ్? నాకు కనబడేట్టు చెప్పగలవా?" ఇవి రెండే. చెప్పగలిగితే చెప్పనివ్వండి, లేదా ఎంత పెద్ద పేరైనా సరే, మైకు పక్కవాడికివ్వమనండి.