కళ్ళు మూసుకుని ఫీజు కట్టగలరా?



ఈసారి టర్మ్ ఫీజు కట్టే ముందు ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. మీ ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్ళి ‘టాక్‌బ్యాక్’ ఆన్ చేయండి. వేలు పెట్టిన చోట ఏముందో ఫోనే చదివి వినిపిస్తుంది. రెండుసార్లు తడితే ఆ బటన్ పనిచేస్తుంది. ఆఫ్ చేయడానికీ ఇదే దారి. ఇప్పుడు కళ్ళు మూసుకుని స్కూల్ యాప్‌లో ఫీజు పేజీ దాకా వెళ్ళండి.

బటన్‌కు పేరు పెట్టకపోతే ఫోన్ ‘బటన్’ అని మాత్రమే చెబుతుంది. అది ‘పే’నో, ‘క్యాన్సిల్’ఓ చూపులేని తండ్రికి ఎలా తెలుస్తుంది? చివరికి ఫోనూ పిన్నూ పక్కవారి చేతికి ఇవ్వాల్సి వస్తుంది. అది ఆయన డబ్బుకూ, గౌరవానికీ ప్రమాదమే.

ఆటోమేషన్ టెస్టులు చేస్తే చాలదా అని ఐటీలో ఉన్న తల్లిదండ్రులు అడగవచ్చు. బటన్‌కు పేరుందో లేదో అవి చెబుతాయి. అక్షరాలకూ వెనుక రంగుకూ మధ్య కనీసం 4.5:1 తేడా ఉందో లేదో కొలుస్తాయి. కానీ ఆ పేరు అర్థమవుతోందా అన్నది మనిషే చెప్పాలి. అందుకే కొత్త వెర్షన్ వచ్చే ప్రతిసారీ చూపులేని తల్లిదండ్రులతో, పాత ఫోన్లలో, నెమ్మదైన నెట్‌తో కూడా పరీక్షించాకే విడుదల చేయాలని నా అభిప్రాయం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రైవేటు సేవలకూ యాక్సెసిబిలిటీ బాధ్యత పెట్టింది.

మీరు ఎక్కడ ఆగిపోయారో పిల్లల డైరీలో రెండు ముక్కలు రాసి పంపండి. అదే మాకు అసలైన టెస్ట్ రిపోర్ట్.