దుబాయి దగ్గరే, శంషాబాదే దూరం

హైదరాబాద్ నుంచి దుబాయికి ఆకాశమార్గాన సుమారు 2,550 కిలోమీటర్లు. విమానం నాలుగు గంటల్లో దించేస్తుంది. అక్కడి గడియారం మనకన్నా గంటన్నర వెనక కాబట్టి టికెట్ మీది వేళలు చూస్తే ఇంకా దగ్గరనిపిస్తుంది. కానీ నిజామాబాద్ జిల్లా ఏర్గట్ల నుంచి గల్ఫ్‌కు పోయే కూలీ ప్రయాణం ఇంటి ముందే మొదలవుతుంది. తాడు బిగించి, పేరు రాసిన అట్టపెట్టెను కిరాయి కారెక్కించి, ఆర్మూరు మీదుగా 44వ జాతీయ రహదారి పట్టి శంషాబాద్ విమానాశ్రయం చేరాలంటే 200 కిలోమీటర్ల పైమాటే, నాలుగైదు గంటలు. విమానానికి మూడు గంటల ముందే అక్కడుండాలి. మొత్తం పన్నెండు గంటల్లో గాలిలో గడిచేది మూడో వంతే.

అందుకే అదే జిల్లాలోని జక్రాన్‌పల్లిలో విమానాశ్రయం కావాలంటున్నారు. కోరిక న్యాయమైనదే. అయితే ఇమిగ్రేషన్, కస్టమ్స్, రోజూ నిండే సీట్లు లేకుండా దుబాయి విమానం అక్కడ వాలదు. అక్కడ ఎక్కినా హైదరాబాద్‌లోనో మరోచోటో దిగి మళ్లీ పడిగాపులు పడాల్సిందే. అంతకన్నా ముందు చేయదగ్గది, ఆర్మూరు, మెట్‌పల్లి నుంచి గల్ఫ్ విమానాల వేళలకు సరిపోయేలా నేరుగా శంషాబాద్‌కు బస్సులు నడపడం. ఖాళీగా తిరుగుతాయంటారా? సాగనంపే బంధువులతో కార్లు కిక్కిరిసిపోతున్నాయి కదా. వారానికి రెండు రాత్రులు నడిపి చూస్తే లెక్క తేలుతుంది.