గాలిమరను బాగుచేస్తే ఏం లాభం?

పాతబడి మూలపడిన యంత్రాన్ని ఏం చెయ్యాలి? ముక్కలు చేసి అమ్మెయ్యాలా? రంగు వేసి చూడటానికి నిలబెట్టాలా? లేక మళ్ళీ పనిచేసేటట్టు బాగుచెయ్యాలా? మూడోదే సరైన మార్గమని నా అభిప్రాయం. ఎందుకో చెప్పడానికి ఇంగ్లండులోని ఒక పల్లెటూరి గాలిమరను ఉదాహరణగా తీసుకుంటాను.

లండన్ నగరానికి వాయవ్య దిక్కున బకింగ్‌హామ్‌షైర్ అనే ప్రాంతం ఉంది. అక్కడి పిట్‌స్టోన్ గ్రామ పొలాల్లో ఒక కొయ్య గాలిమర ఉంది. దాని కొయ్యల్లో ఒకదాని మీద 1627 అని చెక్కి ఉంది. న్యూటన్ పుట్టింది 1642లో. ఆ అంకెను బట్టి చూస్తే ఈ మర న్యూటన్ కన్నా వయసులో పెద్దదన్నమాట.

దీని నిర్మాణం గమనించండి. ఇటుక దిమ్మెల మీద అడ్డదూలాలు, వాటి నడుమ నిట్టనిలువుగా ఒక లావాటి స్తంభం ఉంటాయి. ఆ ఒక్క స్తంభం మీదే మర ఇల్లంతా నిలుస్తుంది. రెక్కలు, పళ్ళచక్రాలు, రాళ్ళు, ధాన్యం బస్తాలు, చివరికి మర నడిపే మనిషి బరువును కూడా అదే మోస్తుంది. గాలి ఎటునుంచి వీస్తే రెక్కలు అటు చూడాలి కదా! అందుకని ఇంటి వెనక తోకలాగా ఒక పొడవాటి దూలం ఉంటుంది. దాన్ని నెడితే ఇల్లు మొత్తం స్తంభం చుట్టూ తిరుగుతుంది. అంత బరువును మనిషి ఎలా తిప్పగలుగుతాడు? తులాదండం పాఠం గుర్తు తెచ్చుకోండి. దూలం ఎంత పొడవైతే పని అంత తేలిక.

లోపల రెక్కల ఇరుసుకు పెద్ద పళ్ళచక్రం ఉంటుంది. అది చిన్న చక్రాన్ని తిప్పుతుంది. కాబట్టి రెక్కలు ఒక్క చుట్టు తిరిగేలోగా రాయి చాలా చుట్లు తిరుగుతుంది. ఇక రాళ్ళ సంగతి మీకు కొత్తేమీ కాదు, అచ్చం మన తిరగలే. కింది రాయి కదలదు, పై రాయి తిరుగుతుంది. నడిమి కంతలో పోసిన గింజ అంచుల నుంచి పిండిగా రాలుతుంది.

కాని గాలి ఎద్దులాగా చెప్పినమాట వినదు. గాలి వేగం రెట్టింపయితే దాని శక్తి రెండు రెట్లు కాదు, ఎనిమిది రెట్లవుతుంది! పెద్దగాలి వచ్చేలోగా రెక్కల మీద పరిచిన గుడ్డ తగ్గించాలి. మరను గాలికి ఎదురుగా తిప్పుకోవాలి. వెనకనుంచి గాలి కొడితే రెక్కలకే మోసం వస్తుంది. 1902లో ఒక తుపాను గాలి పిట్‌స్టోన్ మరను ఘోరంగా దెబ్బతీసింది. అప్పటికే పట్నాల్లో ఆవిరి యంత్రాలతో పెద్ద పిండిమరలు నడుస్తున్నాయి. ఖర్చుపెట్టి బాగుచేసినా గిట్టదని దాన్ని అలాగే వదిలేశారు.

1922 ప్రాంతంలో పక్క పొలం రైతు ఒకాయన ఆ శిథిలాన్ని కొన్నాడు. 1937లో దాన్ని నేషనల్ ట్రస్టు అనే సంస్థకు దానమిచ్చాడు. అయినా అది వెంటనే బాగుపడలేదు. 1963లో కొందరు స్వచ్ఛంద సేవకులు తమ సొంత ఖర్చుతో పని మొదలుపెట్టారు. 1970లో, అంటే 68 ఏళ్ళ తరవాత, ఆ మర మళ్ళీ గింజలు విసిరింది. 1937కీ 1963కీ మధ్య 26 ఏళ్ళున్నాయి. దస్తావేజు చేతులు మారినంత మాత్రాన యంత్రం బతకదు, పనిచేసే చేతులు పడాలి.

“కరెంటు మర క్షణాల్లో ఆడించే పిండికోసం ఇంత శ్రమ ఎందుకు?” అని మీరడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. పిండి కోసమే అయితే అక్కరలేదు. కాని యంత్రమంటే కొయ్యా ఇనుమూ మాత్రమే కాదు. రాయి అరిగితే కక్కు ఎలా కొట్టాలి, గాలి మారబోతున్నట్టు ఎలా కనిపెట్టాలి, రెండు రాళ్ళ మధ్య ఎంత సందు ఉంచాలి అనే తెలివి కూడా అందులో భాగమే. యంత్రం ఆగితే ఆ తెలివికి పనిలేదు. పని లేని తెలివి ఒక తరంలో మాసిపోతుంది. తాళం వేసిన మర దాన్ని ఎవరికీ నేర్పలేదు.

గాలిమరలకు పేరుపొందిన నెదర్లాండ్స్ ఈ సంగతి గ్రహించింది. అక్కడ 1972లో స్వచ్ఛందంగా మరలు నడిపేవారు ఒక సంఘంగా ఏర్పడి, కొత్తవారికి శిక్షణ ఇవ్వసాగారు. కిండర్‌డైక్ అనే చోట ఉన్న 19 గాలిమరలను యునెస్కో 1997లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. 2017లో మాత్రం ఆ దేశంలో గాలిమరలూ నీటిమరలూ నడిపే విద్యనే వారసత్వంగా గుర్తించింది. మొదటిది వస్తువుకు దక్కిన గౌరవం, రెండోది పనితనానికి. రెండోది లేకపోతే మొదటిది ఎన్నాళ్ళు నిలుస్తుంది?

పాత యంత్రాల్లోని ఆలోచనలు పాతబడవు. 1745లో ఎడ్మండ్ లీ అనే ఇంగ్లీషువాడు మరకు వెనకవైపు చిన్న రెక్కల చక్రం అమర్చే పద్ధతికి పేటెంటు పొందాడు. గాలి దిక్కు మారగానే ఆ చిన్న చక్రం తిరిగి, పెద్ద రెక్కలను తనంతట తానే గాలికి ఎదురుగా నిలుపుతుంది. రాయలసీమ కొండల మీద ఇవాళ కరెంటు తీసే పెద్ద గాలిమరలు చేసేదీ ఆ పనే. అక్కడ గాలి దిక్కును చెప్పే పరికరమూ, తిప్పే మోటారూ ఉంటాయి, అంతే తేడా. పెద్ద యంత్రం మూతలు వేసుకుని ఉంటుంది, కిటుకు కనిపించదు. కొయ్యమరలో ప్రతి పన్నూ కంటికి కనిపిస్తుంది. విజ్ఞానశాస్త్రం నేర్చుకునేవారికి ఇంతకన్నా మంచి ప్రయోగశాల ఏముంటుంది?

మన ఊళ్ళలో గాలిమరలు లేకపోవచ్చు. గానుగ ఉండవచ్చు, మోట కప్పీ ఉండవచ్చు, అటక మీద తిరగలి ఉండవచ్చు. వచ్చే సెలవుల్లో ఒకదాన్ని ఎంచుకోండి. టేపుతో కొలవండి, బొమ్మ గీయండి. ఒక్కొక్క భాగాన్ని ఏమంటారో పెద్దవాళ్ళనడిగి రాసుకోండి. వీలైతే వాళ్ళ చేతనే ఒకసారి నడిపించి చూడండి. కొయ్య పుచ్చిపోతే మరో కొయ్య దొరుకుతుంది. ఆ పేర్లూ ఆ పనితనమూ తెలిసినవారు వెళ్ళిపోతే, ఏ అంగడిలోనూ దొరకవు.